పెద్దపేగు, మలాశయ క్యాన్సర్లు: గుంటూరు, విజయవాడల్లో నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

నేను పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ల మీద పరిశోధన చేస్తాను. అవగాహన సభల్లో మైకు పట్టుకుని అడిగేవాళ్లు, పెళ్లిలో పక్కకు పిలిచి మెల్లగా అడిగే చుట్టాలు, రాత్రిపూట టెన్షన్‌తో ఫోన్ చేసేవాళ్లు దాదాపు ఇవే ప్రశ్నలు వేస్తారు. మీ విషయంలో ఏం చేయాలో మిమ్మల్ని చూసే డాక్టరు గారే చెప్పాలి. ఆయన్ని ఏం అడగాలో తెలుసుకోవడానికి ఈ జవాబులు పనికొస్తాయి.

మీరు మందులు రాసే డాక్టరేనా? ల్యాబ్‌లో రోజంతా ఏం చేస్తారు?

మందులు రాయను. పేషెంట్ గడ్డ నుంచి తీసిన ముక్క (బయాప్సీ) నా దగ్గరికి వస్తుంది. దాన్ని మైనంలో బిగించి, వెంట్రుక కన్నా పల్చగా కోసి, రంగులు పట్టించి మైక్రోస్కోప్ కింద చూస్తాం. కొన్నిటి నుంచి డీఎన్ఏ తీసి ఏ జన్యువు చెడిందో వెతుకుతాం. ఏ గడ్డ ఏ మందుకు లొంగుతుందో ముందుగానే చెప్పగలమా అన్నదే నా పని మొత్తానికి మూలం.

ఈ దారి వేసినవాళ్లలో ముఖ్యుడు అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీకి చెందిన బెర్ట్ వోగెల్‌స్టీన్. పెద్దపేగు క్యాన్సర్ రాత్రికి రాత్రి పుట్టదని, ఏపీసీ, కేరాస్, పీ53 లాంటి జన్యువులు ఒకదాని వెంట ఒకటి చెడుతూ వస్తే చిన్న పాలిప్ (పేగు లోపలి గోడ మీద మొలిచే కండ) కాస్తా క్యాన్సర్‌గా మారుతుందని 1990లో ఆయన, ఎరిక్ ఫియరాన్ కలిసి వివరించారు. అలా మారడానికి మామూలుగా పదేళ్ల దాకా పడుతుంది. ఇంత గడువిచ్చే క్యాన్సర్లు తక్కువ. అయినా మన దగ్గర ఎంతోమంది మూడో స్టేజీలో, నాలుగో స్టేజీలో వస్తున్నారు. ఆ రిపోర్టులు చూసినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

దొడ్డికి వెళ్లినప్పుడు రక్తం పడుతోంది. మొలలే కదా?

చాలామందికి మొలలే. కానీ మొలలు ఉన్న మనిషికి క్యాన్సర్ రాకూడదని ఎక్కడా లేదు, రెండూ ఒకరికే ఉండొచ్చు. చూడకుండానే మొలలని తేల్చేయడం దగ్గరే ప్రమాదం మొదలవుతుంది.

మన ఊళ్లలో ఏ గోడ చూసినా మొలలు, ఫిషర్, ఫిస్టులాలకు ఆపరేషన్ లేకుండా గ్యారంటీ వైద్యం అన్న రాతలు కనిపిస్తాయి. ముందు ఒక ఆయింట్‌మెంట్, తర్వాత ఒక నాటు మందు, మధ్యలో పథ్యం, ఆపైన ఇంకెవరో చెప్పిన ఇంకో మందు. నెలలు అలా గడిచిపోతాయి. సిగ్గు ఇంకో అడ్డు. ఆడవాళ్లైతే ఇంట్లోవాళ్లకు కూడా చెప్పరు.

మన దేశంలో ఈ క్యాన్సర్లలో మలాశయంలో, అంటే పెద్దపేగు చివరి భాగంలో, వచ్చేవాటి వాటా ఎక్కువ. కింది భాగంలో ఉన్న గడ్డ డాక్టరు వేలికే తగులుతుంది. గ్లవ్ వేసుకుని చేసే ఆ పరీక్షకు రెండు నిమిషాలు చాలు, మిషను అక్కర్లేదు. రక్తం పడుతోందని వెళ్తే లోపల చూడకుండానే మందు రాసిస్తే, "ఒకసారి వేలితో చూడండి సార్" అని నోరు తెరిచి అడగండి. మోషన్ అలవాటు మారి వారాల తరబడి అలాగే ఉన్నా, వెళ్లొచ్చాక కూడా ఇంకా మిగిలినట్టు అనిపిస్తున్నా, జిగురుతో కలిసి రక్తం పోతున్నా, కారణం లేకుండా బరువు తగ్గినా కొలనోస్కోపీ (కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) దాకా వెళ్లాల్సిందే.

మా నాన్నగారికి రక్తం పోవడం కనిపించలేదు. రక్తహీనత ఉందన్నారంతే. దానికీ దీనికీ సంబంధం ఏమిటి?

పెద్దపేగు కుడివైపు మొదలయ్యే గడ్డ నుంచి రక్తం కొంచెం కొంచెంగా కారి మలంలో కలిసిపోతుంది. కంటికి కనిపించదు. మనిషి నీరసపడతాడు, మెట్లెక్కితే ఆయాసం వస్తుంది, హిమోగ్లోబిన్ పడిపోతుంది. మగవాళ్లలో, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలో ఐరన్ తగ్గితే రక్తం ఎక్కడ పోతోందో వెతకాలి. బలానికి టానిక్ తాగించి, బీట్‌రూట్ జ్యూస్ ఇచ్చి ఊరుకుంటే లెక్క పెరిగినట్టే కనిపిస్తుంది, గడ్డ మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది.

గుంటూరు వాళ్లం, కారం ఎక్కువ తింటాం. అందువల్లేనా?

ప్రతి సభలోనూ వచ్చే ప్రశ్న ఇది. మనుషులకు కచ్చితంగా క్యాన్సర్ కలిగిస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ విభాగం తేల్చిన వాటిలో మిరపకాయ లేదు. కారం తిన్న మర్నాడు మంట పుడితే అది మంటే, క్యాన్సర్ గుర్తు కాదు. ఆ జాబితాలో 2015లో చేరింది సాసేజ్, బేకన్, సలామీ లాంటి ప్రాసెస్ చేసిన మాంసం. చుట్ట, సిగరెట్, మద్యం, ఒంట్లో కొవ్వు, కదలకుండా కూర్చునే బతుకు, పీచు తక్కువ ఉన్న తిండి, ఇవి ఈ క్యాన్సర్ ముప్పును పెంచుతాయి.

మిర్చి విషయంలో ఒక్క జాగ్రత్త ఉంది. సరిగ్గా ఆరక బూజు పట్టిన కాయల్లో అఫ్లటాక్సిన్ అనే విషం చేరుతుంది. అది లివర్ క్యాన్సర్‌కు కారణం. తాలు కాయలు, బూజు కాయలు చౌకగా వచ్చాయని కారం పట్టించకండి.

కొలనోస్కోపీ అంటే భయం. తప్పదా?

పరీక్ష కన్నా ముందురోజు తాగే మందునీళ్లే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. పేగు పూర్తిగా కడుక్కుపోవాలి, లేకపోతే చిన్న పాలిప్‌లు మరుగున పడిపోతాయి. పరీక్ష మత్తిచ్చి చేస్తారు. పాలిప్ కనిపిస్తే చాలాసార్లు అప్పుడే తీసేస్తారు, అంటే ముందు ముందు క్యాన్సర్ కాగల దాన్ని ఆ పూటే వదిలించుకున్నట్టు. ఏ లక్షణాలూ లేనివాళ్లు మలంలో కనపడని రక్తాన్ని పట్టే ఫిట్ పరీక్షతో మొదలుపెట్టొచ్చు. అమెరికాలో 2021 నుంచి 45 ఏళ్లకే స్క్రీనింగ్ మొదలుపెట్టమంటున్నారు. మన ప్రభుత్వ స్క్రీనింగ్ కార్యక్రమంలో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్లు ఉన్నాయి, పెద్దపేగు లేదు. కాబట్టి కుటుంబంలో ఎవరికైనా వచ్చి ఉంటే మీ అంతట మీరే అడిగి చేయించుకోవాలి.

ముక్క తీస్తే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందంటారు, నిజమా?

నిజం కాదు. ముక్క పరీక్ష లేకుండా కీమో గానీ రేడియేషన్ గానీ మొదలుపెట్టకూడదు.

భయపడాల్సింది ముక్క తీయడానికి కాదు, తీసిన ముక్క పాడవడానికి. తీసిన వెంటనే అది సరిపడా ఫార్మలిన్‌లో పడాలి. ఉప్పునీళ్లలో వేసి పక్కన పెట్టినా, విజయవాడ ఎండల్లో మూత లేని డబ్బాలో ఊరంతా తిప్పినా కణాలు కుళ్లిపోతాయి, ఆ తర్వాత ఎంత ఖరీదైన పరీక్ష చేసినా జవాబు రాదు. ఆపరేషన్‌లో తీసిన పేగు విషయంలో ఇంకో సంగతి ఉంది. దానితోపాటు వచ్చిన లింఫ్ గ్రంథుల్లో కనీసం 12 వెతికి చూడాలన్నది నియమం. నాలుగైదే చూసి "గ్రంథుల్లో ఏమీ లేదు" అని రాస్తే ఆ మాట మీద స్టేజీని నమ్మలేం. రిపోర్టులో ఆ అంకె ఎంతుందో చూసుకోండి.

రిపోర్టులో ఎంఎంఆర్ అని రాశారు. అదేమిటి? కొందరి రిపోర్టుల్లో ఎందుకు ఉండదు?

ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతానంటే ఇది చదవండి.

కణం రెండుగా చీలే ముందు తన డీఎన్ఏను మొత్తం ఎత్తి రాసుకుంటుంది. రాసేటప్పుడు తప్పులు పడతాయి. పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దేవాళ్లలాగా ఆ తప్పులను పట్టి సరిచేసే ప్రొటీన్లు నాలుగున్నాయి: ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2. ఈ దిద్దుబాటునే మిస్‌మ్యాచ్ రిపేర్, పొట్టిగా ఎంఎంఆర్ అంటారు. ఈ ప్రొటీన్లలో ఏదైనా పనిచేయకపోతే కణంలో తప్పులు వేలల్లో పేరుకుపోతాయి. అలాంటి గడ్డను ఎంఎంఆర్ లోపించిన గడ్డ అంటారు, ఎంఎస్ఐ హై అని రాసినా దాదాపు అదే అర్థం. పెద్దపేగు క్యాన్సర్లలో సుమారు 15 శాతం ఈ రకం. నాలుగో స్టేజీలో చూస్తే 5 శాతం దగ్గర ఉంటాయి.

ఇన్ని తప్పులున్న కణం మన రోగనిరోధక శక్తికి పరాయిదానిలా కనిపిస్తుంది. అందుకే ఆ శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొలిపే ఇమ్యునోథెరపీ మందులు ఈ రకం మీద బాగా పనిచేస్తాయి, మిగతా రకాల మీద మాత్రం ఒక్కటే ఇస్తే దాదాపు పనిచేయవు. నాలుగో స్టేజీలో ఉన్న ఈ రకం వాళ్లకు కీమో బదులు పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఇస్తే వ్యాధి ఎక్కువ కాలం అదుపులో ఉంటుందని 2020లో కీనోట్ 177 ట్రయల్ చూపించింది. రెండో స్టేజీలో ఈ లోపం ఉంటే తిరగబెట్టే ముప్పు తక్కువ, చాలామందికి కీమో అక్కర్లేకుండానే పోతుంది. అంటే ఒక్క పరీక్ష ఒకరికి సరైన మందు ఇప్పిస్తుంది, ఇంకొకరికి అక్కర్లేని మందు తప్పిస్తుంది.

నాలుగు రంగుల పరీక్ష ఇది. రాకెట్ సైన్స్ ఏమీ లేదు, మంచి పాథాలజీ ల్యాబ్ ఏదైనా చేస్తుంది. ఎవరూ అడగకపోతే చేయరు, అంతే. పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ అని తేలిన ప్రతి ఒక్కరికీ ఇది జరగాలి. మీ రిపోర్టులో లేకపోతే అడగండి. ల్యాబ్‌లో దాచిన పాత ముక్క (మైనం బ్లాకు) మీద కూడా చేయొచ్చు.

ఆరు నెలల్లో క్యాన్సర్ మాయమైందని వాట్సాప్‌లో వచ్చింది. ఆ మందు మా అన్నయ్యకు ఇప్పించలేమా?

ఆ వార్త నిజమే. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్‌లో ఆండ్రియా సెర్సెక్, లూయిస్ డియాజ్ బృందం డోస్టార్లిమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందును మూడు వారాలకోసారి చొప్పున ఆరు నెలలు ఇచ్చింది. 2022 జూన్‌లో ఫలితం ప్రకటించేనాటికి చికిత్స పూర్తయిన 12 మందిలోనూ గడ్డ ఆనవాలు లేదు. వాళ్లకు ఆపరేషన్, రేడియేషన్ చేయలేదు.

ఫార్వర్డ్ మెసేజిలో రాయనిది ఒకటుంది. వాళ్లందరివీ రెండు, మూడు స్టేజీల్లోని మలాశయ క్యాన్సర్లు, అందరి గడ్డల్లోనూ ఎంఎంఆర్ లోపం ఉంది. మలాశయ క్యాన్సర్లలో ఆ రకం నూటికి ఐదు నుంచి పది మాత్రమే. కాబట్టి మందు గురించి అడిగే ముందు మీ అన్నయ్య గారి ముక్కకు ఆ పరీక్ష చేశారా అని అడగండి. లోపం ఉందని వస్తే మాత్రం వదలకండి, ఆపరేషన్ డేటు ఖాయం చేసుకునే ముందే మెడికల్ ఆంకాలజిస్టుతో మాట్లాడండి.

ఖరీదు సంగతి నాకూ బెంగగానే ఉంది. ఈ మందుల బిల్లు లక్షల్లో ఉంటుంది. ముంబై టాటా మెమోరియల్ డాక్టర్లు తల, మెడ క్యాన్సర్లలో ఇమ్యునోథెరపీ మందు నివోలుమాబ్‌ను మామూలు డోసులో పదో వంతు కన్నా తక్కువ ఇచ్చి కూడా మేలు జరుగుతుందని చూపించారు. అలాంటి పరిశోధన మన దేశం నుంచి రావడం గర్వంగా ఉంది. పెద్దపేగు విషయంలోనూ అలాంటి ట్రయల్స్ జరగాలి. అంతదాకా తల, మెడ లెక్కను ఇక్కడికి తెచ్చి సొంతంగా డోసు తగ్గించుకోకూడదు.

మా బాబాయికి 41 ఏళ్లకే వచ్చింది. మేనత్తకు గర్భసంచి క్యాన్సర్. మాకూ వస్తుందా?

ఈ రెండు క్యాన్సర్లూ ఒకే కుటుంబంలో చిన్న వయసులో కనిపిస్తే లించ్ సిండ్రోమ్‌ను అనుమానించాలి. పైన చెప్పిన దిద్దుబాటు జన్యువుల్లో ఒకటి పుట్టుకతోనే చెడి ఉంటుంది. తల్లికి గానీ తండ్రికి గానీ ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. ముందు బాబాయి గారి ముక్కకు ఎంఎంఆర్, తర్వాత రక్తంతో జన్యు పరీక్ష. మీకూ ఉందని తేలితే ఇరవైల్లోనే మొదలుపెట్టి ఏడాదికో, రెండేళ్లకో కొలనోస్కోపీ చేయించుకుంటూ ఉండాలి. అలా చేయించుకునేవాళ్లు చాలావరకు బయటపడతారు.

మేనరికం వల్ల లించ్ రాదు. కానీ ఇలాంటి కుటుంబంలో మేనరికం చేసుకుంటే ఇద్దరికీ అదే లోపం ఉండే అవకాశం ఉంది. అప్పుడు బిడ్డకు రెండు వైపుల నుంచీ చెడిన జన్యువే వస్తే చిన్నతనంలోనే రక్తం, మెదడు, పేగు క్యాన్సర్లు రావచ్చు. సంబంధం మాట్లాడుకునే ముందే జెనెటిక్ కౌన్సెలింగ్‌కు వెళ్లండి.

ముందు కరెంటు (రేడియేషన్) పెట్టి తర్వాత ఆపరేషన్ అంటున్నారు. ముందే కోసేస్తే పోదా?

పెద్దపేగు పై భాగాల్లో అయితే మామూలుగా ముందు ఆపరేషనే. మలాశయం కటి ఎముకల మధ్య ఇరుకులో ఉంటుంది, అక్కడ కొంచెం మిగిలినా తిరగబెడుతుంది. మలాశయాన్ని చుట్టూ ఉన్న కొవ్వు పొరతో సహా చెక్కు చెదరకుండా తీయాలని ఇంగ్లాండు సర్జన్ బిల్ హీల్డ్ 1980ల్లో నేర్పించాక ఫలితాలు ఎంతో మారాయి. రేడియేషన్, కీమో ఆపరేషన్ తర్వాత కాకుండా ముందే ఇస్తే అక్కడే తిరగబెట్టడం 13 శాతం నుంచి 6 శాతానికి తగ్గిందని 2004లో జర్మనీ ట్రయల్ తేల్చింది.

మాచర్ల నుంచో, రేపల్లె నుంచో రోజూ వచ్చి వెళ్లేవాళ్లు ఒకటి అడిగి చూడండి. ఐదు వారాలకు పైగా సాగే పద్ధతితో పాటు ఐదు రోజుల్లో ముగిసే పద్ధతి కూడా ఉంది. అందరికీ కుదరదు, కుదిరినవాళ్లకు ఎంతో శ్రమ తప్పుతుంది.

పొట్ట మీద సంచి పెడతారా? జీవితాంతం ఉంటుందా?

మలం పడే ఈ సంచిని చాలామందికి కుట్లు మానేదాకానే పెడతారు, కొన్ని నెలలకు తీసేస్తారు. గడ్డ మలద్వారం కండరాన్ని పట్టుకుని ఉంటే శాశ్వతంగా ఉంచాలి. సంచితో పొలం పనులు చేసుకునేవాళ్లు, స్కూల్లో పాఠాలు చెప్పేవాళ్లు, తిరుపతి కొండ ఎక్కినవాళ్లు ఉన్నారు. సంచి వద్దని ఆపరేషన్ మానేసినవాళ్ల గురించి విన్నప్పుడే నాకు కడుపు తరుక్కుపోతుంది.

రేడియేషన్, కీమోలతో గడ్డ పూర్తిగా కరిగిపోతే ఆపరేషన్ చేయకుండా కనిపెట్టుకుని ఉండే పద్ధతి ఒకటుంది. బ్రెజిల్ సర్జన్ ఏంజెలిటా హబ్ర్ గామా దీన్ని మొదలుపెట్టినప్పుడు చాలామంది నమ్మలేదు. ఆమె 2004లో ఫలితాలు ప్రచురించాక మెల్లగా ప్రపంచం ఆ దారికి వచ్చింది. షరతు ఒక్కటే, మొదటి రెండేళ్లు కొద్ది నెలలకోసారి వేలి పరీక్ష, స్కోపీ, ఎంఆర్‌ఐ తప్పకూడదు. చెకప్‌లకు రాలేననుకుంటే ఈ దారి ఎంచుకోవద్దు.

కీమోలో చల్లనీళ్లు తాకొద్దన్నారు. మే నెలలో ఎలా?

ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు నరాల మీద పనిచేయడం వల్ల చల్లదనం తగిలితే వేళ్లు, పెదాలు, గొంతు జివ్వుమంటాయి. ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు ఫ్రిజ్ నీళ్లు, ఐస్‌క్రీం వద్దు, ఏసీ గాలి మొహానికి తగలకుండా చూసుకోండి. కుండనీళ్లు కూడా ఇబ్బంది పెడితే మామూలు నీళ్లే తాగండి, కానీ నీళ్లు తాగడం మానొద్దు. తిమ్మిర్లు తగ్గకుండా ఉంటే తప్పకుండా చెప్పండి, డోసు తగ్గిస్తారు లేదా ఆపుతారు. మూడో స్టేజీలో ముప్పు తక్కువ ఉన్న చాలామందికి ఆరు నెలల బదులు మూడు నెలలు చాలని 2018లో వచ్చిన ఐడియా అనే అధ్యయనం ఫలితాలు చూపించాయి.

ఈ కీమోలో ఇచ్చే మరో మందు 5 ఎఫ్‌యూతో పాటు ఎక్కించే ల్యూకోవొరిన్, ఫోలిక్ యాసిడ్ కుటుంబానికి చెందింది. ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసిన లెడర్లీ ల్యాబ్ పరిశోధనలకు నాయకత్వం వహించింది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. సెలైన్ స్టాండు మీద ఆ సీసా చూసినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తారు.

నాకు 32 ఏళ్లు. ఇంత చిన్న వయసులో రావడం ఏమిటి?

చాలా దేశాల్లో యాభై లోపు వాళ్లలో పెరుగుతోంది, ఎందుకో పూర్తిగా తేలలేదు. కొన్ని ఈ.కోలై బ్యాక్టీరియాలు వదిలే కోలిబాక్టిన్ అనే విషం పేగు కణాల డీఎన్ఏ మీద వేసే గుర్తులు, చిన్న వయసులో జబ్బు పడినవాళ్లలో ఎక్కువగా కనిపించాయని 2025లో లుడ్మిల్ అలెగ్జాండ్రోవ్ బృందం ప్రచురించింది. ఆ గుర్తులు పసితనంలోనే పడి ఉండొచ్చని వాళ్ల అంచనా. దీనికి ఇంకా పరీక్ష గానీ మందు గానీ లేదు. వయసు చూసి "నీకెందుకొస్తుంది" అని పంపేస్తే ఊరుకోకండి, నాకు కావలసింది అదే.

పసుపు, ఆస్పిరిన్ లాంటివి వాడొచ్చా?

పసుపు కూరలో వేసుకోండి. కీమో జరుగుతున్నప్పుడు క్యాప్సూళ్లు, కషాయాలు డాక్టరుకు చెప్పకుండా వద్దు, కొన్ని లివర్‌ను దెబ్బతీస్తాయి.

ఆస్పిరిన్ కథ వేరు. లించ్ ఉన్నవాళ్లలో పెద్దపేగు క్యాన్సర్ రాకుండా కాపాడుతుందని జాన్ బర్న్ నడిపిన ట్రయల్‌లో తేలింది. పీఐకే3సీఏ జన్యువు దారిలో మార్పులున్న గడ్డలకు ఆపరేషన్ తర్వాత రోజూ 160 మిల్లీగ్రాములు ఇస్తే తిరగబెట్టడం సగానికి తగ్గిందని 2025లో స్వీడన్ నుంచి వచ్చింది. ఇదీ ముక్క పరీక్షతోనే తేలాలి. రక్తస్రావం ముప్పు ఉంది కాబట్టి సొంతంగా మొదలుపెట్టొద్దు.

చికిత్స అంతా అయిపోయింది. ఇక విశ్రాంతి తీసుకోవాలా?

నడవండి. కీమో పూర్తయినవాళ్లకు మూడేళ్లపాటు పద్ధతి ప్రకారం వ్యాయామం చేయించిన ఛాలెంజ్ ట్రయల్ ఫలితాలు 2025లో వచ్చాయి. 889 మందిని చూశారు. ఎనిమిదేళ్లకు వ్యాయామం చేసినవాళ్లలో 90 శాతం, కరపత్రాలు మాత్రమే ఇచ్చినవాళ్లలో 83 శాతం బతికి ఉన్నారు. ఒక మందు ఈ ఫలితం ఇస్తే పత్రికలన్నీ మొదటి పేజీలో వేసేవి. "ఒంట్లో బాగోలేదు, కూర్చో" అని ఇంట్లోవాళ్లు ప్రేమగా కుర్చీలో కూర్చోబెట్టొద్దు. విజయవాడలో స్టేడియం చుట్టూ అయినా, గుంటూరులో మీ వీధి చివరి దాకా అయినా వెంట నడవండి. జబ్బు తిరగబెట్టిందేమో తెలిపే సీఈఏ రక్త పరీక్ష, స్కాన్‌లు, ఆపరేషన్ అయిన ఏడాదికి కొలనోస్కోపీ మర్చిపోకండి.

హైదరాబాద్ వెళ్లాలా? ఇక్కడే చేయించుకోవచ్చా?

ఊరు కన్నా జట్టు ముఖ్యం. సర్జన్, మెడికల్ ఆంకాలజిస్టు, రేడియేషన్ డాక్టరు, పాథాలజిస్టు కలిసి మీ కేసు మాట్లాడుకునే చోటైతే చాలు. గుంటూరు జీజీహెచ్‌లో నాట్కో క్యాన్సర్ సెంటర్, మంగళగిరిలో ఎయిమ్స్ ఉన్నాయి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే ఏ చికిత్స దానిలో వస్తుందో ఆస్పత్రిలో ఉండే వైద్యమిత్రను ముందే అడగండి.

ట్రయల్‌లో చేరమన్నారు. మా మీద ప్రయోగాలు చేస్తారా?

పైన నేను చెప్పిన ప్రతి అంకె వెనుకా ట్రయల్‌లో చేరడానికి ఒప్పుకున్న మనుషులున్నారు. మన దేశంలో 2009 నుంచి ట్రయల్స్‌ను ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు చేయడం తప్పనిసరి. తెలుగులో రాసిన సమ్మతి పత్రం అడగండి, ఇంటికి తీసుకెళ్లి చదవండి, నచ్చకపోతే వద్దనండి. మధ్యలో మానేసినా మామూలు చికిత్స ఆపరు.

ఇంట్లో ఏ కాగితాలు దాచుకోవాలి?

బయాప్సీ రిపోర్టు, ఆపరేషన్ నోట్స్, ఆ తర్వాతి పాథాలజీ రిపోర్టు, స్కాన్‌ల సీడీలు, కీమో డోసుల చార్టు. వీటికన్నా ముఖ్యమైనది మైనం బ్లాకు. అది ల్యాబ్‌లో ఉంటుంది, అడిగితే ఇస్తారు లేదా ఇంకో ల్యాబ్‌కు పంపుతారు. తీసుకెళ్లేటప్పుడు ఎండలో బైకు డిక్కీలో పెట్టకండి, మైనం కరుగుతుంది. పని అయ్యాక ల్యాబ్‌కు తిరిగి ఇచ్చి రసీదు తీసుకోండి, ఆ నంబరు ఫైలు మొదటి పేజీలో రాసి పెట్టండి.